గడప దగ్గర ఆగిపోయే అడుగు: పార్కిన్సన్స్ వ్యాధిలో చూపుకూ నడకకూ ఉన్న ముడి

దక్షిణ అండమాన్‌లోని చౌల్దారీలో డిసెంబరు నెలలో సాయంత్రం దాదాపు ఐదు గంటలకే సూర్యుడు అస్తమిస్తాడు. దేశమంతటికీ ఒకటే గడియారం. దాన్ని మనం కాకినాడకు సమీపంగా సాగే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి దిద్దుకున్నాం. అండమాన్ దీవులు ఆ రేఖకు పది డిగ్రీలు తూర్పున ఉన్నాయి. భూమి ఒక్కో డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది కనుక అక్కడ పొద్దు నలభై నిమిషాలు ముందే వాలుతుంది. దానికి తోడు ఏడాదిలో సగానికి పైగా వానాకాలమే. మబ్బు పట్టిన రోజుల్లో ఇంటి లోపల మధ్యాహ్నం కూడా మసకగానే ఉంటుంది.

చాలామందికి ఇది లైటు వేసుకుంటే తీరిపోయే సంగతి. పార్కిన్సన్స్ వ్యాధి ఉన్న పెద్దవారి విషయం వేరు. వసారాలో పది అడుగులు సాఫీగానే వేసిన మనిషి గది గుమ్మం దగ్గరికి వచ్చేసరికి నిలిచిపోతారు. పాదాలు నేలకు అతుక్కుపోయినట్టు ఉంటాయి. ఒళ్లు ముందుకు తూలుతుంది, కాలు మాత్రం లేవదు. కొన్ని క్షణాల తర్వాత ఏమీ జరగనట్టు మళ్లీ నడక మొదలవుతుంది. చూస్తున్న ఇంటివాళ్లకు ఇది వింతగా ఉంటుంది. అక్కడిదాకా వచ్చిన మనిషి ఇక్కడ ఎందుకు ఆగాలి? కొందరు మొండితనం అనుకుంటారు. ఇంకొందరు కళ్లజోడు మార్చాలంటారు. మొదటిది పూర్తిగా తప్పు. రెండోదాంట్లో కొంత నిజముంది. చూపులో తేడా వచ్చిన మాట వాస్తవమే, కాకపోతే ఆ తేడా కళ్లద్దాలు సరిచేయగలిగిన చోట లేదు.

లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఈ వ్యాధిని 1817లో ఒక చిన్న పుస్తకంలో వర్ణించాడు. ఆయన ఆధారపడింది ఆరుగురు రోగుల మీద. వారిలో కొందరిని వీధిలో చూశాడంతే, దగ్గరగా పరీక్షించనే లేదు. అయినా వణుకు, ముందుకు వంగిన నడుము, పరుగులాంటి పొట్టి అడుగులు, అన్నీ ఆయన కంటికి దొరికాయి. ఒక్క మాట మాత్రం నిలవలేదు. ఈ వ్యాధిలో ఇంద్రియాలూ బుద్ధీ చెక్కుచెదరవని ఆయన రాశాడు. ఆ మాట ప్రభావం వైద్యం మీద చాలాకాలం ఉంది. పార్కిన్సన్స్ అంటే కాళ్లూ చేతుల జబ్బనే అభిప్రాయం ఇప్పటికీ జనంలో బలంగా ఉంది. మన కంపవాతం అనే పాత పేరు కూడా వణుకునే పట్టుకుంది.

కంటిలోనూ డోపమైనే

మెదడు అడుగు భాగంలో, కాండం పైకొసలో, నల్లగా కనిపించే ఒక చిన్న కణాల పోగు ఉంటుంది. పేరు సబ్‌స్టాన్షియా నైగ్రా. అక్కడి నాడీకణాలు డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసి, కదలికలను మొదలుపెట్టడంలో, వాటి పరిమాణాన్ని నిర్ణయించడంలో పాత్ర ఉన్న బేసల్ గాంగ్లియాకు అందిస్తాయి. పార్కిన్సన్స్‌లో ఈ కణాలు క్రమంగా నశిస్తాయి. లక్షణాలు పైకి కనిపించేనాటికే వాటిలో గణనీయమైన భాగం పోయి ఉంటుంది. ఇంతవరకూ చాలామంది వినే ఉంటారు.

తక్కువగా వినిపించే విషయం ఏమిటంటే, డోపమైన్ కంటి రెటీనాలో కూడా ఉంది. రెటీనాలో వెలుగును పట్టే కణాలకూ, ఆ సంకేతాన్ని మెదడుకు పంపే కణాలకూ మధ్యలో అమాక్రిన్ కణాలనేవి ఉంటాయి. వాటిలో ఒక చిన్న వర్గం డోపమైన్‌ను విడుదల చేస్తుంది. వెలుతురు పెరిగినప్పుడు ఈ విడుదల పెరుగుతుంది, చీకట్లో తగ్గుతుంది. రాత్రి చూపు నుంచి పగటి చూపుకు రెటీనా మారేది దీని సాయంతోనే. ఒక బిందువు వెలుగును దాని చుట్టుపక్కల వెలుగుతో పోల్చి తేడాను స్పష్టం చేసే పనిలో కూడా దీనికి భాగముంది. కెనడాలోని క్విబెక్ శాస్త్రవేత్తలు 1990లో, మరణించిన పార్కిన్సన్స్ రోగుల రెటీనాలను పరిశీలించి డోపమైన్ తగ్గినట్టు చూపారు. చివరిదాకా లెవోడోపా మందు తీసుకున్నవారి రెటీనాల్లో ఆ తగ్గుదల కనిపించలేదు. అంటే మెదడులో జరిగే లోటుకు ఒక చిన్న నకలు కంటిలోనూ ఉందన్నమాట.

దీని ఫలితం కంటి డాక్టరు గోడకు వేలాడదీసే అక్షరాల పటంలో తెలియదు. ఆ పటంలో తెల్లటి తెలుపు మీద నల్లటి నలుపు. అంతటి తేడాను పార్కిన్సన్స్ ఉన్న చాలామంది బాగానే చదువుతారు. తెల్ల కాగితం మీద లేత బూడిద రంగు గీతలు గీసి చూపితే, ఆ బూడిద రంగును ఇంకా ఇంకా పలచన చేస్తూ పోతే, ఇతరులు ఇంకా చూస్తుండగానే వీరికి గీతలు మాయమవుతాయి. చూపులోని ఈ శక్తిని కాంట్రాస్ట్ సున్నితత్వం అంటారు. నిజజీవితంలో అక్షరాల పటంలాంటి దృశ్యాలు తక్కువ, బూడిద మీద బూడిద దృశ్యాలే ఎక్కువ. సిమెంటు నేల నుంచి సిమెంటు మెట్టు, తడిసిన నాపరాయి అంచు, సాయంత్రం వేళ వాకిట్లో గుంట, స్టీలు గ్లాసులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయన్నది, ఇవన్నీ ఆ కోవలోవే. పటం మీద చివరి వరుస చదివిన మనిషే మెట్టు చూడక పడ్డాడంటే ఇందులో వైరుధ్యమేమీ లేదు.

కళ్లను తిప్పే కండరాల పనీ మందగిస్తుంది. ఒక వస్తువు నుంచి మరొకదానికి చూపు మామూలుగా ఒక్క గెంతులో చేరుతుంది. పార్కిన్సన్స్‌లో ఆ గెంతు పొట్టిదై, గమ్యానికి చేరేలోగా రెండు మూడు సర్దుబాట్లు అవసరమవుతాయి. అడుగు పొట్టిదైనట్టే చూపు గెంతు కూడా పొట్టిదవుతుంది. దగ్గరి వస్తువు మీద రెండు కళ్లూ కలవడం కష్టమై కొందరికి అక్షరాలు రెండుగా కనిపిస్తాయి. రెప్పపాట్లు తగ్గి కళ్లు పొడిబారతాయి. రంగుల మధ్య సూక్ష్మమైన తేడాలు పట్టడమూ తగ్గుతుంది. వీటిలో ఏ ఒక్కటీ పెద్దగా భయపెట్టేది కాదు, నడిచేటప్పుడు మాత్రం అన్నీ ఒకేసారి కలిసొస్తాయి.

ఆపైన చూపుతో మెదడు చేసే పని ఉంది. రెటీనా నుంచి వచ్చిన సమాచారంలో ఒక పాయ 'ఇది ఏమిటి' అని తేల్చే వైపు, ఇంకో పాయ 'ఇది ఎక్కడుంది, దీన్ని బట్టి ఒళ్లు ఎలా కదలాలి' అని లెక్కకట్టే వైపు వెళతాయి. రెండో పాయ నడినెత్తి వెనుక ఉండే పెరైటల్ ప్రాంతానికి చేరుతుంది. మనం నడుస్తుంటే చుట్టూ ఉన్న ప్రపంచం వెనక్కి పారినట్టు కళ్ల మీదుగా కదులుతుంది. ఆ పారుదల వేగం నుంచే మనం ఎంత వేగంగా, ఏ వైపుకు పోతున్నామో మెదడు తెలుసుకుంటుంది. ఈ అంచనాలో పార్కిన్సన్స్ ఉన్నవారికి తేడా వస్తుంది. ఇంకో విచిత్రమైన తేడా ఒళ్లు వెడల్పుకు సంబంధించినది. వ్యాధి ఎడమవైపు మొదలైనవారు, అంటే మెదడు కుడి భాగం ముందుగా దెబ్బతిన్నవారు, ఒక సందులోంచి తాము పడతామా లేదా అని అంచనా వేసేటప్పుడు దాన్ని ఉన్నదానికన్నా ఇరుకుగా భావించే ధోరణి చూపారు. గుమ్మం సమస్యకు ఇక్కడ ఒక కొస దొరుకుతుంది.

గుమ్మంతో ప్రయోగాలు, చెన్నైలో ఒక నమూనా

నడక ఇలా అతుక్కుపోవడాన్ని వైద్యులు ఫ్రీజింగ్ అంటారు. అందరిలోనూ రాదు, వ్యాధి ముదిరినవారిలో ఎక్కువ. మలుపుల దగ్గర, జనం మధ్యలో, ఇరుకు దారుల్లో వస్తుంది. అన్నిటికన్నా పేరుపడ్డ చోటు గుమ్మమే. ఇందులో తికమక పెట్టే అంశం ఒకటుంది. గుమ్మం అడ్డంకి కాదు, అది తెరిచి ఉన్న దారి. కాలికి తగిలేదేమీ లేకపోయినా ఆగడం జరుగుతుంది. కాలు కాకపోతే ఆపుతున్నది కన్నా?

2010లో రెండు బృందాలు దీన్ని విడివిడిగా కొలిచాయి. లండన్‌లో డొరొతీ కౌవీ, సహచరులు గుమ్మం వెడల్పును నడిచే మనిషి భుజాల వెడల్పుతో ముడిపెట్టారు. సరిగ్గా భుజాలంత, దానికి ఒకటింబావు రెట్లు, ఒకటిన్నర రెట్లు. కెనడాలో క్విన్సీ అల్మీదా, చాడ్ లెబోల్డ్ 67.5, 90, 180 సెంటీమీటర్ల గుమ్మాలు పెట్టారు. ఆరోగ్యవంతులు ఇరుకు గుమ్మం దగ్గర పెద్దగా తగ్గలేదు. పార్కిన్సన్స్ ఉన్నవారు గుమ్మానికి కాస్త ఇవతలే వేగం తగ్గించారు. గుమ్మం ఎంత ఇరుకైతే అంత తగ్గించారు. ఫ్రీజింగ్ ఉన్నవారిలో అడుగులు పొట్టివయ్యాయి, ఒక అడుగుకూ మరో అడుగుకూ పొంతన పోయింది. మందు పనిచేస్తున్న సమయంలో కూడా ఈ ప్రభావం పూర్తిగా పోలేదు. ఎదురుగా ఉన్న ఖాళీని కన్ను కొలుస్తోంది, కాలు ఆ కొలతకు అవసరమైనదానికన్నా చాలా ఎక్కువగా స్పందిస్తోంది.

ఇక్కడే ఒక తెలుగు శాస్త్రవేత్త పని ప్రస్తావనకొస్తుంది. ఐఐటీ మద్రాసులో వి. శ్రీనివాస చక్రవర్తి మెదడును గణిత నమూనాలుగా మలిచి అధ్యయనం చేసే ప్రయోగశాల నడుపుతున్నారు. తెలుగులో సైన్సు పుస్తకాలు, అనువాదాలు చదివేవారికి ఆయన రచయితగా పరిచయం. ప్రధాన భారతీయ భాషలకు ఒకే లిపిగా 'భారతి'ని రూపొందించినది కూడా ఆయన బృందమే. బేసల్ గాంగ్లియా మీద ఆయన బృందం చాలా ఏళ్లుగా పనిచేస్తోంది. పార్కిన్సన్స్‌లో చేతిరాత ఎందుకు చిన్నదైపోతుంది, చూపు గెంతులు ఎందుకు కుంటుపడతాయి అన్న ప్రశ్నలను కూడా నమూనాలతో పరిశీలించింది. 2014లో విఘ్నేశ్ మురళీధరన్, ప్రగతి బాలసుబ్రమణి, చక్రవర్తి, ఆస్ట్రేలియాకు చెందిన సైమన్ లూయిస్, అహ్మద్ ముస్తఫా కలిసి ప్రచురించిన పత్రం సరిగ్గా ఇరుకు గుమ్మాల గురించే.

కంప్యూటర్‌లో ఒక నడవా, దాని చివర ఒక గుమ్మం ఊహించండి. ఒక కృత్రిమ పాదచారి గుమ్మం దాటడానికి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంటాడు. ఆ ప్రయత్నాల్లోంచి నడవాలో ఏ చోటికి ఎంత విలువ ఉందో, అంటే ఇక్కడి నుంచి పోతే మంచి జరుగుతుందా చెడు జరుగుతుందా అన్న అంచనాను నేర్చుకుంటాడు. అనుకున్నదానికీ జరిగినదానికీ మధ్య తేడాయే ఇక్కడ పాఠం. అసలు మెదడులో డోపమైన్ కణాలు మోసేది ఇలాంటి తేడా సంకేతాన్నేనని 1990ల నుంచి కోతులపై జరిగిన ప్రయోగాలు చెబుతున్నాయి. అందుకే నమూనాలో ఆ తేడాకు ఒక పరిమితి విధిస్తే డోపమైన్ కొరత ఉన్న మెదడుకు అది ప్రతిరూపమవుతుంది. నిర్ణయం ఇలా జరిగితే, అడుగుల లయను మాత్రం వెన్నుపాములోని లయకేంద్రాలను పోలిన మరో భాగం నడిపిస్తుంది.

ఫలితం రోగుల నడకను పోలి వచ్చింది. పరిమితి విధించగానే కృత్రిమ పాదచారి వేగం గుమ్మానికి దగ్గరలో ఒక్కసారిగా పడిపోయింది. మందు లేని స్థితిలో ఎక్కువగా, మందు ఉన్న స్థితిలో కొంత తక్కువగా పడింది. గుమ్మం ఇరుకైన కొద్దీ అడుగు చిన్నదైంది. ఇంకో ముఖ్యమైన సంగతి, డోపమైన్‌తో సంబంధం లేని కారణాలకు కూడా ఫ్రీజింగ్‌లో చోటుందని నమూనా సూచించింది. లెవోడోపా మోతాదు పెంచినా కొందరికి గుమ్మం దగ్గర ఆగడం ఎందుకు తగ్గదో ఆలోచించడానికి ఇది ఒక దారి. నమూనా అంటే నమూనాయే, రోగి కాదు. అయినా దీని విలువ వేరే చోట ఉంది. గుమ్మం దగ్గర ఆగడాన్ని కాళ్ల బలహీనతగా కాక, కన్ను చూసినదాన్ని బట్టి మెదడు తీసుకునే ఒక నిర్ణయపు లోపంగా చూడవచ్చని ఇది చూపింది. ముందుకు పోవడమా ఆగడమా అన్న తూకంలో ఆగడం వైపు త్రాసు మొగ్గుతోంది. మొండితనం అన్న ఆరోపణకు ఇంతకన్నా సూటి జవాబు అక్కర్లేదు.

అడ్డగీతలు

అడుగును ఆపుతున్నది చూపే అయితే, కదిలించేది కూడా చూపే కావచ్చు. ఈ సంగతి గుమ్మాల ప్రయోగాలకన్నా చాలా ముందే తెలుసు. బ్రిటిష్ నాడీవైద్యుడు పర్డన్ మార్టిన్ 1967లో ప్రచురించిన పుస్తకంలో ఒక పరిశీలన నమోదు చేశాడు. అడుగు తీసి అడుగు వేయలేని రోగి ముందు నేల మీద అడ్డంగా, ఒక అడుగు దూరానికి ఒకటి చొప్పున, నేల రంగుకు భిన్నమైన గీతలు గీస్తే అతను వాటిని దాటుకుంటూ నడిచిపోతాడు. గీతలు నడిచే దిశలోనే పొడుగ్గా ఉంటే పని జరగదు. రంగు నేలలో కలిసిపోయినా జరగదు. మొదటి భాగంలో చెప్పుకున్న కాంట్రాస్ట్ సంగతి ఇక్కడ మళ్లీ తగులుతుంది.

తర్వాతి దశాబ్దాల్లో ఆస్ట్రేలియాలో మెగ్ మోరిస్, రాబర్ట్ ఐయాన్సెక్ బృందం దీన్ని కొలతలతో నిరూపించింది. గీతలు ఉన్నప్పుడు అడుగు పొడవు దాదాపు మామూలు స్థాయికి చేరింది. గీతలు తీసేసి, పెద్ద అడుగు వేయడం మీదే మనసు పెట్టమన్నా ఇంచుమించు అంతే ఫలితం వచ్చింది. నడుస్తూ ఇంకో పని చెప్పగానే అడుగు మళ్లీ పొట్టిదైంది. కాబట్టి గీత చేసే పని ధ్యాసను అడుగు మీదికి లాగడమే అని వారు వాదించారు.

ఫ్రాన్స్‌లో జాన్ ఫిలిప్ అజులే బృందం 1999లో మరో తెలివైన ప్రయోగం చేసింది. గీతలున్న నేల మీద రోగులను నడిపించి, దీపాన్ని వేగంగా వెలిగి ఆరేలా మార్చింది. అలాంటి వెలుగులో గీతలు కనిపిస్తూనే ఉంటాయి గానీ వాటి పారుదల కనిపించదు. ప్రతి మెరుపుకూ ఒక నిశ్చల చిత్రం, అంతే. గీతల వల్ల వచ్చిన లాభమంతా ఆ వెలుగులో పోయింది. గీత ఉండటం చాలదు, అది తన వైపు కదిలి వస్తున్నట్టు కన్ను చూడాలి. ధ్యాసా పారుదలా రెండూ నిజమే అయి ఉండవచ్చు. మనుషులను బట్టి ఏది ఎక్కువో మారుతుండవచ్చు కూడా. ఒక వివరణ గెలిస్తే రెండోది ఓడాలన్న నియమం మెదడుకు లేదు.

మెదడులోని దారుల పరంగా చూస్తే లెక్క ఇలా ఉంటుంది. తనంతట తాను, అలవాటుగా నడిచేటప్పుడు పని బేసల్ గాంగ్లియా నుంచి మెదడు ముందుభాగపు నడిమి ప్రాంతానికి వెళ్లే దారిలో సాగుతుంది. పార్కిన్సన్స్‌లో చెడిపోయేది ఆ దారి. కంటితో చూసి దాన్ని బట్టి కాలు వేయడంలో పెరైటల్ ప్రాంతం నుంచి ప్రీమోటార్ ప్రాంతానికి ఇంకో దారి ఉంది, అనుమస్తిష్కం కూడా సాయపడుతుంది. అది చాలామేరకు మిగిలి ఉంటుంది. అడ్డగీత పనిని ఆ రెండో దారిలోకి మళ్లిస్తుంది. అందుకే సమతల నేల మీద ఆగిపోయే మనిషి మెట్లు సునాయాసంగా ఎక్కడం కొన్నిసార్లు చూస్తాం. మెట్టు అంచులు అడ్డగీతలే కదా. అసలు కదల్లేని మనిషి నిప్పంటుకుందని తెలియగానే లేచి బయటికి పరుగెత్తిన సందర్భాలు కూడా వైద్య సాహిత్యంలో ఉన్నాయి.

గడప ఉన్న ఇల్లు

అండమాన్ జనాభాలో 2011 లెక్కల ప్రకారం సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. వారిలో ఎందరో శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి వెళ్లిన కుటుంబాలవారు. ఇల్లు ఎక్కడ కట్టుకున్నా తెలుగువారి ద్వారానికి గడప ఉంటుంది. పాశ్చాత్య ప్రయోగాల్లోని గుమ్మాలకు ఇది లేదు. గడప కంటికి గుమ్మం ఇరుకునూ చూపుతుంది, కాలిని పైకెత్తమనీ అడుగుతుంది. పార్కిన్సన్స్‌లో పాదం నేలను రాసుకుంటూ పోతుంది కాబట్టి తట్టుకుని పడటానికి ఇదే చోటు. పడితే తుంటి ఎముక విరగవచ్చు. శ్రీ విజయపురం అని పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ నుంచి చెన్నైకైనా విశాఖకైనా సముద్రం మీద సుమారు 1200 కిలోమీటర్లు. అలాంటి చోట ఒక పాటుకు అయ్యే ఖర్చు ఆసుపత్రి బిల్లుతో ఆగదు.

మరోవైపు పసుపు పూసిన గడప నేల రంగుకు భిన్నంగా అడ్డంగా ఉన్న ఒక పట్టీ. దాన్ని అడ్డంకిలా కాకుండా దాటవలసిన గీతలా చూడగలిగితే అది ఉపయోగమే. ఒక్క గీత మాత్రం చాలదు. గడపకు ఇటు మూడు, అటు మూడు, ఆ మనిషికి సౌకర్యమైన అడుగు దూరంలో రంగు టేపు అతికించడం మేలు. బూడిదరంగు సిమెంటు మీద పసుపు గానీ తెలుపు గానీ, లేత రంగు టైల్స్ మీద ముదురు నీలం గానీ. అంచులు లేచిన టేపు తనే కాలికి తగులుతుంది కనుక రంగుతో గీసినా నష్టం లేదు. వాకిట్లో వేసే ముగ్గు అడ్డగీత కాదు. మెలికలు తిరిగిన గీతలు అడుగుకు కొలత ఇవ్వవు. చూపు మసకబారిన కంటికి చిక్కటి నగిషీలున్న టైల్స్, గళ్ల తివాచీ గుంటల్లాగానో మెట్లలాగానో కనిపించే అవకాశం కూడా ఉంది. దారి సాదాగా ఉండి, గీతలు మాత్రమే కొట్టొచ్చినట్టు కనిపించడం మంచిది.

వెలుతురు సంగతి మొదట్లోనే వచ్చింది. గుమ్మానికి ఒకవైపు వెలుగు, మరోవైపు చీకటి ఉంటే రెటీనా ఆ మార్పుకు సర్దుకునేలోపే కాలు అక్కడికి చేరుతుంది. రెండువైపులా సమానంగా దీపాలు, పొద్దు వాలకముందే, ముఖ్యంగా పడకగది నుంచి మరుగుదొడ్డి దాకా. ఒకే కళ్లద్దంలో దూరానికీ దగ్గరికీ పవరు ఉన్న జోడు పెట్టుకుని మెట్లు దిగేటప్పుడు కింది భాగంలోంచి చూస్తే మెట్టు అంచు మసకేస్తుంది. నడకకు విడిగా దూరపు చూపు జోడు అవసరమా అన్నది కంటి వైద్యుణ్ణి అడగదగ్గ ప్రశ్న.

ఆగిపోయిన మనిషిని చెయ్యి పట్టి లాగడం చాలా ఇళ్లలో జరిగే పని. ఒళ్లు ముందుకు వచ్చి పాదాలు వెనకే ఉండిపోతాయి, పడటం ఖాయం. గుమ్మంలో ఎదురుగా నిలబడి రమ్మని పిలిచినా దారి ఇంకా ఇరుకవుతుంది. ఆగనివ్వాలి. నిటారుగా నిలబడి, బరువును ఒక కాలి మీదికి మార్చి, రెండో కాలితో ఒక పెద్ద అడుగు. ఎవరైనా తమ పాదాన్ని ఆ మనిషి పాదం ముందు అడ్డంగా పెడితే అదే దాటవలసిన గీత అవుతుంది, పని అయ్యాక తీసేయవచ్చు. కొందరికి గీతకన్నా 'ఒకటి, రెండు' అన్న లెక్కో తాళమో బాగా పనిచేస్తుంది. ఇదే ఆలోచనతో నేల మీద గీత వేసే లేజరు కర్రలు బజారులో ఉన్నాయి. ఇంట్లో మాత్రం టేపు చేసే పని తక్కువేమీ కాదు. గీతలు అందరికీ ఒకేలా పనిచేయవు. అలవాటైపోతే కొందరిలో ప్రభావం తగ్గుతుంది, మతిమరుపు ముదిరినవారికి అసలు ఉపయోగపడకపోవచ్చు. వ్యాధి పురోగతిని ఇవి ఆపవు. లెవోడోపా, కార్బిడోపా కలిసిన మందు జాతీయ అత్యవసర ఔషధాల జాబితాలో ఉంది. దాన్ని వేళ తప్పకుండా వేసుకోవడానికి గీతలు ప్రత్యామ్నాయం కావు.

చూపు గురించి ఇంకో మాట చెప్పుకోవాలి, ఎందుకంటే దీన్ని ఇళ్లలో దాచిపెడతారు. పార్కిన్సన్స్ ఉన్నవారిలో గణనీయమైన సంఖ్యలో ఎప్పుడో ఒకప్పుడు లేనివి కనిపిస్తాయి. మొదట్లో అవి చిన్నవే. కంటి కొసలో పిల్లి దాటినట్టు, వెనక ఎవరో నిలబడినట్టు, మూలనున్న బట్టల మూటలో ముఖం ఉన్నట్టు. మసక వెలుతురులో ఎక్కువ. కంటి నుంచి వచ్చే సంకేతం బలహీనంగా ఉన్నప్పుడు ఖాళీలను మెదడు తన ఊహతో పూరించడం ఇందుకు ఒక కారణం. డోపమైన్ పెంచే మందులు దీన్ని హెచ్చించగలవు. దయ్యమనో పిచ్చనో భావించి వైద్యుడికి చెప్పకపోవడం ఒక నష్టం. భయపడి మందు ఒక్కసారిగా మానేయడం అంతకన్నా ప్రమాదం, ఒళ్లంతా బిగుసుకుపోయి ప్రాణం మీదికి రావచ్చు. మందుల మార్పు వైద్యుడి చేతుల్లో జరగాల్సిన పని.

ఫ్రీజింగ్‌కు ఉన్న ఇంకో చికాకు, అది డాక్టరు గదిలో తరచుగా కనిపించదు. కొత్త చోటు, ఎదురుగా డాక్టరు, నడక మీదే ధ్యాస, వెడల్పాటి నడవా. ఇవన్నీ ఆ కాసేపు అడ్డగీతల్లాగే పనిచేస్తాయి, రోగి చక్కగా నడిచి చూపిస్తారు. ఇంటివాళ్లు చెప్పేది అతిశయోక్తిలా వినిపిస్తుంది. దూరంగా ఉన్న నాడీవైద్యుడితో ఇ-సంజీవని వంటి టెలివైద్య సేవలో మాట్లాడేవారు ముందురోజే ఇంట్లో ఫోనుతో ఒక చిన్న వీడియో తీసి ఉంచుకోవడం మంచిది. తీసేవారు పక్కకు నిలబడి, పాదాలూ గడపా రెండూ కనిపించేలా, మందు వేసుకున్న గంటకు ఒకటి, తర్వాతి మోతాదు వేళ దగ్గరపడ్డాక ఒకటి, గీతలు అతికించాక మరొకటి తీయాలి. ఏ వీడియో ఏ వేళదో పక్కనే రాసి పెట్టుకోవాలి.